జూలైలో మంచు కురిపించిన కూలర్

పొద్దుటినుంచీ మా కూమ్ బ్లాగోయె చేతిలో ఉన్నది ఒకటే మిరపకాయ. మేమంతా బేసిన్లకి బేసిన్లు నింపేస్తున్నాం. ఆయన మాత్రం ఆ కాయని తొడిమ పట్టుకుని మాటకోసారి గాల్లో ఊపుతూ, దాన్ని ఒలవాలన్న సంగతే మర్చిపోయి మాట్లాడుతున్నాడు.

సెప్టెంబరు వచ్చిందంటే మా ఊరు లెస్కోవాత్స్‌లో ఏ పెరట్లో చూసినా ఇదే పొగ. అరచెయ్యంత ఎర్ర మిరపకాయలు రేకుపొయ్యి మీద నల్లగా కాలాలి, మూతపెట్టిన గిన్నెలో కాసేపు మగ్గాలి, ఆ తర్వాత నలుగురూ చుట్టూ కూర్చుని వేళ్ళు చురుక్కుమంటున్నా తొక్కలు ఒలవాలి. ఆ గుజ్జుని సన్నటి సెగ మీద నూనెలో మగ్గబెడితే చలికాలమంతా రొట్టెకి రాసుకు తినే ఐవార్ అవుతుంది. మా స్తామెంకా మామ్మకి ఇందులో ఒకటే పట్టింపు. ఒక్క తొక్కముక్క లోపల మిగిలినా ఆవిడ కంటపడుతుంది. ఎవరి చేతిలోంచి జారిందో కూడా చెప్పేస్తుంది.

పొయ్యి దగ్గర కాయలు తిప్పుతున్నది పక్కింటి లుబింకో. టైర్ల షాపు నడుపుతాడు, మాట పొదుపు. నా పక్కన ఒలుస్తున్నది ఆయన భార్య వేర్కా. చెయ్యి చురుకు, నోరు అంతకంటే చురుకు. ద్రాక్షపందిరి కింద బల్ల మీద, మిరప మరకలు అంటకుండా నేను తువ్వాలు కప్పి పెట్టినది మాత్రం నా కంప్యూటరు డబ్బా. దాని పక్కన ఇంకా సీలు విప్పని అట్టపెట్టె, అందులో కొత్త కూలర్.

కూలర్ అంటే గది చల్లబరిచేది కాదు. కంప్యూటరుకి మెదడులాంటి ప్రాసెసర్ ఉంటుంది కదా, దాని నెత్తిన కూర్చుని వేడి లాగేసేది. కంపెనీవాడు పెట్టి పంపింది చిన్న ఫ్యాను, నా పనికి అది చాలదు. నేను పెళ్ళి వీడియోలు కూర్చి ఇస్తాను. మా వైపు పెళ్ళంటే బాకాల మేళంతో మూడు రోజులు సాగుతుంది, ఆ మూడు రోజులూ నా డబ్బాలోంచి పోవాలి. సగం దూరం వెళ్ళేసరికి అది సలసలా కాగి తనంతట తనే ఆరిపోతోంది. వచ్చే ఆదివారం పెళ్ళికూతురి తరఫువాళ్ళు వీడియో కోసం వస్తారు. నాకున్నది ఈ ఒక్క డబ్బాయే. ఇది పోతే నేను మళ్ళీ సాక్సుల ఫ్యాక్టరీలో జతలు కలుపుకోవాల్సిందే. అక్కడ గడిపిన రోజులు గుర్తొస్తే ఇప్పటికీ వేళ్ళు మొద్దుబారతాయి.

కూలర్ బిగించడం నాకు వచ్చు. అన్నీ నేర్చుకున్నట్టే ఇదీ చూసి, చెడగొట్టి, మళ్ళీ చూసి నేర్చుకున్నాను. కానీ బ్లాగోయె మా ఇంటి కూమ్. అమ్మానాన్నల పెళ్ళికి సాక్షిగా నిలబడ్డది ఆయనే, చర్చిలో నన్నెత్తుకుని యాగోదా అని పేరు పెట్టిందీ ఆయనే. మా ఊళ్ళో తోడబుట్టినవాడి మాట కాదనొచ్చు, కూమ్ మాట కాదనకూడదు. ఆయన మొన్న కాఫీకి వచ్చి పెట్టె చూసి, దీన్ని నేను బిగిస్తాను, లుబింకోకి బిగించింది నేనే అన్నాడు. మామ్మ వెంటనే నావైపు తిరిగి, విన్నావుగా, ఇక నువ్వు దాన్ని ముట్టుకోకు అంది. పొద్దుటి వాయి మిరపకాయలు అయిపోగానే బిగించడం అని ముహూర్తం కూడా ఖాయం చేసేసింది.

అందుకే నేను ఈ రోజు చాలా నెమ్మదిగా ఒలుస్తున్నాను. వేర్కాకి ఆ సంగతి తెలీదు, దడదడా ఒలిచేస్తోంది.

"అసలు లుబింకో డబ్బా ఏ స్థితిలో ఉందనుకున్నారు," అంటున్నాడు కూమ్, కాయ ఊపుతూ. "నిరుడు జూలై, మిట్టమధ్యాహ్నం. తారు కరిగి చెప్పులకి అంటుకుంటున్న రోజులు. వెళ్ళి చెయ్యి పెట్టి చూశాను. కాలింది, ఇదిగో ఈ వేలు, ఇప్పటికీ వాన పడితే సలుపుతుంది. లుబింకో, నువ్వు పక్కకి జరుగు అన్నాను. ఆ చిన్న ఫ్యాను పట్టుకుని రెండే రెండు వేళ్ళతో ఇలా తిప్పి లాగాను. ఊడింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కింద ప్రాసెసర్ కూడా పన్నులా ఊడి దానికి అంటుకుని వచ్చేసింది. వెయ్యి కాళ్ళ జెర్రి లాగా ఉంటుంది అడుగున, సన్నటి కాళ్ళు. సగం వంగిపోయాయి. ఇంకొకడైతే అక్కడే కూలబడి ఏడ్చేవాడు. నేనేం చేశాను? మా ఆవిడ కనుబొమలు పీక్కునే పట్టకారు తెప్పించి ఒక్కో కాలూ నిలబెట్టాను. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. అయినా ఆపలేదు. చీకట్లో, చేత్తో తడుముతూ, పైగా అవతలి గదిలోవాళ్ళతో కబుర్లు చెబుతూ."

"జూలైలో మధ్యాహ్నం చీకటేంటి కూమ్," అంది వేర్కా.

"కిటికీ రెక్కలు మూశాను వేర్కా. ప్రొమాయా కొడుతుందని."

అది విని మామ్మ తల ఊపింది. ఎదురెదురు తలుపులు తెరిస్తే మధ్యలో దూసుకొచ్చే గాలిని మేం ప్రొమాయా అంటాం. ఆ గాలి తగిలితే మెడ పట్టేస్తుంది, చెవి పోటెత్తుతుంది, పళ్ళు ఊడతాయి, మనిషే పోయినా పోవచ్చు. ప్రొమాయాకి భయపడి కిటికీ మూశానన్నవాడి మాట మీద మామ్మకి ఎప్పుడూ గురి ఉంటుంది. నా చూపు మాత్రం తువ్వాలు కప్పిన డబ్బా మీదికి పోయింది. అలాంటి వెయ్యి కాళ్ళ ప్రాసెసరే నా డబ్బాలోనూ ఉంది.

కూమ్ అక్కడితో ఆగలేదు. కూలర్‌తోపాటు వచ్చిన కాగితం సంగతి ఎత్తుకున్నాడు. బొమ్మలేసి ఏది ఎక్కడ పెట్టాలో చూపించే కాగితం. అది చదవడం చేతకానివాళ్ళ పనట. దాన్ని ఉండచుట్టి లుబింకో వాళ్ళ వంటపొయ్యిలో రాజేశాడట, ఆ మంట మీదే కాఫీ కాచుకు తాగారట. పెట్టె విప్పి చూస్తే ఆ కూలర్ పెద్ద రొట్టెంత ఉందట. ఒక గుక్క రకియా, అదే మా పళ్ళసారా, తాగి మళ్ళీ మొదలెట్టేసరికి అది సమాధి రాయంత అయింది. ఇంకో గుక్కకి డబ్బాలోకి పట్టక డబ్బాకి పక్కన కిటికీ కోయాల్సి వచ్చింది, ఆ పైన గది కప్పు విప్పాల్సి వచ్చింది. కొంగలు చర్చి గోపురం అనుకుని దాని కొసన గూడు పెట్టుకున్నాయి.

"మా ఇంటి కప్పు విప్పారా," అని అడిగింది వేర్కా మొగుణ్ణి. లుబింకో పొయ్యి మీది కాయ ఒకటి తిప్పి, నాకు గుర్తులేదు అన్నాడు.

"నీకెలా గుర్తుంటుంది, నువ్వు అప్పటికే షాపుకి వెళ్ళిపోయావు," అన్నాడు కూమ్. "సరే, వినండి, అసలు కిటుకు ఇక్కడుంది. యాగోదా, నువ్వు జాగ్రత్తగా విను, నీకు పనికొస్తుంది. ఆ కూలర్ అడుగు రాగిది. అద్దంలాగా తళతళలాడుతుంది, నా మొహం నాకే కనపడింది. దాని మీద ఫ్యాక్టరీవాడు పల్చటి ప్లాస్టిక్ పొర ఒకటి అంటించి పంపుతాడు. ఎందుకు? రాగికి చెమట పట్టకుండా. అనుభవం లేనివాడు దాన్ని గీకేసుకుంటాడు. నేను గోరు కూడా తగలనివ్వలేదు. పసిపిల్ల బుగ్గని పట్టుకున్నట్టు పట్టుకున్నాను. దానికి ఒక పక్కన ఎర్రటి నాలుకలాంటి ముక్క వేలాడుతూ ఉంది. అలా వేలాడితే చూడ్డానికి బాగుండదని కత్తెర తెప్పించి, అంచు వెంట నున్నగా కత్తిరించి, ఆ పొర పైనే పేస్టు రాసి బిగించాను. పేస్టు అంటే బఠాణీ గింజంత రాయమంటారు పిసినారులు. నేను ట్యూబు ట్యూబంతా పిండేశాను, మళ్ళీ ఇంకోటి తెప్పించాను."

నా చేతులు ఆగిపోయాయి.

ఆ పొర తీసేయడానికే ఉంటుంది. కొత్త ఫోను అద్దం మీద అంటించి ఇస్తారే, అలాంటిది. దారిలో రాగి మీద గీతలు పడకుండా అంటిస్తారు. ఆ ఎర్ర నాలుక పట్టుకుని లాగేయమనే అది అక్కడ వేలాడేది. లాగకుండా బిగిస్తే ప్రాసెసర్ వేడి కూలర్‌కి ఎక్కదు, మధ్యలో ప్లాస్టిక్ అడ్డం కూర్చుంటుంది. ఆ నాలుకని ఆయన కత్తెరతో కత్తిరించాడు.

చెప్పేద్దామని నోరు తెరిచాను. మామ్మ నావైపు చూసింది. ఆ చూపు నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. నాకు పేరు పెట్టిన మనిషిని, ఆయన తాగుతున్న రకియా మా ఇంటిది అయినప్పుడు, నలుగురి ముందూ నువ్వు తప్పు చేశావనడం నావల్ల అయ్యే పని కాదు. నోరు మూసుకుని ఇంకో కాయ తీసుకున్నాను. గిన్నె అడుగు కనిపిస్తోంది. వేర్కా, కాస్త నెమ్మదిగా ఒలవకూడదా తల్లీ అనుకున్నాను.

కూమ్ ఇప్పుడు మరలు, అదే స్క్రూలు, బిగించే ఘట్టానికి వచ్చాడు. ఒక మర జారి డబ్బాలో పడిందట. చెయ్యి పట్టే సందు లేదు. అందుకని పాత లౌడ్‌స్పీకరు విప్పి అందులోని అయస్కాంతం తీసి చూపించాడట. మర వచ్చింది. మరతోపాటు వేర్కా జడలోని పిన్నులు వచ్చాయి, పొయ్యి మీది గరిటె వచ్చింది, వీధిలో పోస్టుమాన్ సైకిలు అతనితో సహా గోడకి అంటుకుంది, నిష్ వెళ్ళాల్సిన రైలు వెనక్కి వచ్చి స్టేషన్లో నిలబడింది.

"ఆ రోజు నా జడలో పిన్నుల్లేవు, రబ్బరు బ్యాండు ఉంది," అంది వేర్కా.

"అదీ వచ్చింది," అన్నాడు కూమ్.

మామ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. డబ్బా లోపల అయస్కాంతం తిప్పాడా లేదా, నాకు కావలసింది అదొక్కటే. ఆయన కథల్లో ఏది జరిగిందో ఏది జరగలేదో విడదీయడం ఎవరి తరమూ కాదు, ఆయన తరం అసలే కాదు.

"స్విచ్చు నొక్కాను," అన్నాడు కూమ్, గొంతు తగ్గించి. "ముందు చిన్న చప్పుడు, పిల్లి గురక పెట్టినట్టు. ఆ తర్వాత గాలి మొదలైంది. అమ్మో ఆ గాలి. తలుపులు వాటంతట అవే పడ్డాయి. ఆ ప్రొమాయా వీధి దాటి ఎదురింటి ముసలమ్మకి తగిలి ఆవిడ మెడ అటు తిరిగింది, ఇప్పటికీ ఇటు రాలేదు. వీధంతా జూలైలో ఉన్ని మఫ్లర్లు కట్టుకున్నారు. డాక్టరు వచ్చి చూసి, తన మెడ కూడా పట్టేసిందని వెళ్ళిపోయాడు. చలి మొదలయ్యాక తెర మీద మంచు పేరింది, వేలితో గీకి చదువుకోవాల్సి వచ్చింది. వేడి ఎంతో చూపించే అంకె ఉంటుంది కదా, అది సున్నాకి దిగింది, సున్నా కింద దిగింది, దిగి దిగి తెరలో చోటు చాలక బల్ల మీదికి కారింది. పుచ్చకాయ పక్కన పెడితే రాయి అయింది, లుబింకో దాన్ని లారీ చక్రం కింద అడ్డంగా పెట్టుకున్నాడు. అవునా లుబింకో?"

"ఫ్యాను తిరుగుతుంది," అన్నాడు లుబింకో. "అది నిజం."

"చూశారా. వెలెత్నిత్సా ఏరు గడ్డకట్టింది. అదే, వెతెర్నిత్సా, చలికి నాలుక తిరగట్లేదు చూడండి, తలుచుకుంటేనే. పిల్లలు దాని మీద జారుతూ బడికి వెళ్ళారు."

"జూలైలో బడేంటి," అంది మామ్మ.

"చలికాలం వచ్చేసిందనుకుని తెరిచారు మామ్మా. ఊరిపెద్దలు టోపీలు చేత్తో పట్టుకుని లుబింకో గుమ్మంలోకి వచ్చారు. బ్లాగోయె, మిరపనారు మాడిపోతోంది, ఈ ఏడు ఐవార్ ఉండదు, కొంచెం తగ్గించు అని బతిమాలారు. ఊరి కోసం ఒక మర వదులు చేశాను. అందుకే ఈ పూట మీరు కాయలు ఒలవగలుగుతున్నారు."

"అందుకేనా మా డబ్బా మధ్యమధ్యలో ఆరిపోతుంది," అంది వేర్కా. "బిల్లు కొడుతుంటే టక్కున ఆరిపోతుంది. నేను కరెంటు వల్లనేమో అనుకున్నాను."

"కరెంటూ కాదు, ఏమీ కాదు. చలికి నిద్ర పట్టేస్తుంది దానికి. ఎలుగుబంటి పడుకోదూ, అలాగ."

"మా పిల్లి కూడా," అన్నాడు లుబింకో ఉన్నట్టుండి. అందరం అతనివైపు తిరిగాం, ఆ పూటకి అతను అన్న మాటల్లో ఇదే పొడుగు. "పోయిన చలికాలమంతా ఆ డబ్బా మీదే పడుకుంది. దిగమంటే దిగదు. పాలు కూడా అక్కడే పెట్టాల్సి వచ్చింది."

"పడుకోవడం కాదు లుబింకో, గడ్డకట్టింది. నువ్వు గమనించలేదు."

గిన్నెలో మిగిలిన నాలుగు కాయలూ వేర్కా తీసేసుకుంది. కూమ్ గుటక వేసి నావైపు తిరిగాడు. ఇక అసలు సంగతి నా కోసమే చెబుతున్నానన్నాడు. ఆ డబ్బా ఎంత వేగం పుంజుకుందంటే, నొక్కకముందే తెరుచుకునేదట. మీట మీద వేలు పెడదామనుకుంటే చాలు, ఉత్తరం రాసి ఉండేదట.

"లుబింకో మేనల్లుడి పెళ్ళి వీడియో అందులో వేశాం. పెళ్ళి శనివారం. వీడియో శుక్రవారమే బయటికి వచ్చేసింది. మేళం, ఊరేగింపు, వధువు ఇంటి ముందు ఎత్తున కట్టిన ఆపిల్‌ని పెళ్ళికొడుకు తుపాకీతో కొట్టడం, అన్నీ. పెళ్ళికొడుకు కూర్చుని మొత్తం చూశాడు. అత్తగారు మూడో రోజు ఏం మాట్లాడిందో కూడా విన్నాడు. మెల్లిగా లేచి బట్టలు సర్దుకుని బెల్‌గ్రేడ్ బస్సు ఎక్కేశాడు. అందుకని యాగోదా, నీ దానికి అంత గట్టిగా బిగించను. ఆదివారం వాళ్ళకి ఆదివారమే అందేలా చూస్తాను. తీసుకురా పెట్టె."

గిన్నె ఖాళీ. వేర్కా చేతులు తుడుచుకుంది. మామ్మ గడ్డం ఎత్తి నాకు సైగ చేసింది.

నేను లేచి పెట్టె తెచ్చాను. కూలర్‌ని బయటికి తీసి కూమ్ చేతికి ఇవ్వబోయి, ఏమనుకున్నానో ఏమో, దాన్ని తలకిందులు చేసి మామ్మ ఒళ్ళో పెట్టాను. చూడు మామ్మా, ఎంత మెరుస్తోందో అన్నాను. అంతకంటే ఇంకేమీ అనలేదు.

మామ్మ కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చుకుంది. చేతులు తుడుచుకోకుండానే బొటనవేలితో ఆ రాగి మీద రుద్దింది, కాయ మగ్గిందో లేదో చూసినట్టు. వేలు జారింది. ఇంకోసారి రుద్దింది. ఎర్ర నాలుక దొరికింది. దాన్ని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని కొద్దిగా ఎత్తింది. అంచు లేచింది.

"దీనికి తొక్క ఉంది," అంది.

పొయ్యిలో ఏదో చిటపటలాడింది.

"ఇది ఉంచాలా, తీయాలా?" అని నన్నడిగింది. మామ్మ అడిగితే చెప్పడం తప్పు కాదు. తీయాలి మామ్మా, లేకపోతే డబ్బా పొయ్యిలా కాగుతూనే ఉంటుంది అన్నాను, నేల చూస్తూ.

మామ్మ కూమ్ వైపు తిరిగింది. ఆవిడ చూసింది ఆయన మొహం కాదు. చేతిలోని మిరపకాయ. పొద్దుట పట్టుకున్నది, ఒక్క గోరు కూడా పడనిది, నల్లటి తొక్కతో ముడతలు పడి చల్లారిపోయినది.

"కూమ్," అంది మామ్మ మెత్తగా, "లుబింకోది ఒలవకుండానే పెట్టావు కదూ."

బ్లాగోయె కాయ ఊపడం ఆపాడు. దాన్ని అప్పుడే చూసినట్టు ఇటూ అటూ తిప్పి చూసుకున్నాడు.

లుబింకో పట్టకారు పొయ్యి అంచున పెట్టాడు. వేర్కా వైపు చూశాడు. "అందుకేనే," అన్నాడు, "పిల్లి దిగనిది."

వేర్కా కొంగు నోట్లో కుక్కుకున్నట్టు ఏప్రాన్ నోటికి అడ్డం పెట్టుకుని ఊగిపోయింది. లుబింకో భుజాలు కూడా కదిలాయి. నాకు నవ్వాలో వద్దో తెలియలేదు. కూమ్ చెవులు ఒలిచిన కాయల్లా ఎర్రబడ్డాయి. నన్ను ఎత్తుకున్న మనిషి. కూలర్ తీసుకెళ్ళి ఆయన ముందు పట్టుకున్నాను. మీరే లాగండి కూమ్, మీ చేత్తో మొదలైతే మంచిది అన్నాను.

ఆయన ఆ ఎర్ర నాలుక పట్టుకుని లాగాడు. సుయ్యిమని ఒక్క చప్పుడుతో పొర మొత్తం వచ్చేసింది. దాన్ని వెలుగుకి అడ్డంగా పట్టుకుని చూశాడు, నమ్మలేనట్టు. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"మిగతాది పిల్ల చూసుకుంటుంది," అంది మామ్మ. లుబింకో పొయ్యి మీంచి దించిన కొత్త వాయి కాయల గిన్నె ఆయన ఒళ్ళో పెట్టింది. "నువ్వు ఇవి ఒలువు."

నేను బల్ల దగ్గరికి వెళ్ళి తువ్వాలు తీసి, డబ్బా పక్క రేకు విప్పాను. పాత ఫ్యానుని లాగకుండా అటూ ఇటూ మెల్లిగా తిప్పి, అది దానంతట అది వదిలేదాకా ఆగాను. ప్రాసెసర్ దాని చోటులోనే ఉంది, ఒక్క కాలు కదల్లేదు. పాత పేస్టు తుడిచి, కొత్తది బఠాణీ గింజంత పెట్టాను. నాలుగు మరలూ మూలకి మూల ఎదురుగా కొంచెం కొంచెం బిగించాను. స్విచ్చు వేస్తే చప్పుడే లేదు. చెయ్యి దగ్గర పెడితేగాని గాలి తెలియలేదు. వెనక మామ్మ అప్పటికే లేచి, తన మెడకి శాలువా చుట్టుకుని, వీధి తలుపు మూసి వచ్చింది.

పెళ్ళి మొదటి రోజు వీడియో అందులో వేసి కూర్చున్నాను. అంకె పెరిగింది, ఇంకొంచెం పెరిగింది, అక్కడ నిలబడింది. పోయినసారి ఆరిపోయిన చోటు దాటింది. బాకాలు మోగుతూనే ఉన్నాయి.

పందిరి కింద కూమ్ బ్లాగోయె తల వంచుకుని ఒలుస్తున్నాడు. చాలాసేపు ఒక్క మాట లేదు. వేర్కాకే భయం వేసి, ఏం కూమ్, ఒంట్లో బాగుందా అని అడిగింది.

"బాగానే ఉంది," అన్నాడు ఆయన, వేళ్ళు ఊదుకుంటూ. తర్వాత కాయ ఒకటి మెల్లిగా పైకెత్తి చూపించాడు. "కానీ వేర్కా, ఈ కాయ తొక్క తీస్తే లోపల ఇంకో తొక్క ఉంది చూడు. అది తీశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"